సత్తుణవు ఆయమ్మ నుంచి మందులక్క దాకా

విళాత్తికుళం నుంచి కోవిల్‌పట్టికి బస్సెక్కితే నడుమ ఎట్టయపురం వస్తుంది. ఆ ఊరి పేరు చెప్పగానే అందరూ భారతియార్ పుట్టిన ఊరు అంటారు. మన తెలుగిళ్ళలో పెద్దవాళ్ళయితే నాయకర్ల పాళెయం అని కూడా అంటారు. నేను ఆ పేరు ఎత్తింది ఇంకో సంగతి కోసం. కామరాజర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1956లో, బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే పథకాన్ని ఆ ఊళ్ళోనే ప్రారంభించారు. ఆయన పుట్టింది మన విరుదునగర్‌లో, 1903లో. కాబట్టి ఈ కథ మొదలైంది మనకు దగ్గర్లోనే అని గర్వంగా చెప్పుకోవచ్చు.

అన్నం పెట్టించిన నాయకుడి పేరు పుస్తకంలో ఉంటుంది. పొయ్యి ముందు కూర్చుని వండినవాళ్ళ పేర్లు ఉండవు. ఈ వ్యాసం వండినవాళ్ళ గురించి, వాళ్ళ తర్వాత వచ్చిన వాళ్ళ గురించి. అంటే, ఇంటి బయట జీతానికి ఇతరులను చూసుకునే పని మన ప్రాంతంలో ఎట్లా పుట్టింది, ఎట్లా మారింది అని. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ పని ఇప్పుడు ఇంకోసారి మారవలసి వచ్చింది. ఈసారి పిల్లల కోసం కాదు, ముసలివాళ్ళ కోసం.

1982 జూలై 1న ఎం.జి.ఆర్. ప్రభుత్వం సత్తుణవు పథకం తెచ్చింది. మొదట పల్లెల్లో 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు. అదే ఏడు సెప్టెంబరులో పట్టణాలకూ వచ్చింది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది ఏమంటే, 1983 జనవరి నుంచి వృద్ధాప్య పింఛను తీసుకునే ముసలివాళ్ళను కూడా ఆ భోజనంలో చేర్చారు. ఆ పింఛను మన రాష్ట్రంలో 1962 నుంచి ఉంది. అదీ కామరాజర్ కాలమే. భోజన కేంద్రంలో తినే పింఛనుదారులకు నెలకు 2 కిలోల బియ్యం, అక్కడ తినని వాళ్ళకు 4 కిలోలు, పొంగల్‌కు దీపావళికి చీర లేదా పంచె అని లెక్క పెట్టారు.

మా వీధిలో ఒక పెద్దాయన్ను అడిగితే చెప్పారు. "పిలకాయలు తిని లేచినాక మేము పొయ్యి కూర్చునేవాళ్ళం. మనవళ్ళు చూస్తారని సిగ్గుగా ఉండేది. అయినా వేడన్నం కదమ్మా." ఇప్పుడు మా బడిలో ముసలివాళ్ళు వచ్చి తినడం నేను ఎప్పుడూ చూడలేదు. కాగితం మీద పథకం ఎట్లా ఉన్నా, బడి దాకా నడిచి రాగలిగినవాళ్ళకే ఆ అన్నం అందింది. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, కళ్ళు కనపడనివాళ్ళు ఇంట్లోనే ఉండిపోయి ఉంటారు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అందడం కష్టం. ఈ ముక్క మనసులో పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

సత్తుణవు వల్ల ఊరూరా మూడు కొత్త ఉద్యోగాలు వచ్చాయి. అమైప్పాళర్ అనే నిర్వాహకురాలు, వంటమనిషి, సహాయకురాలు. భర్త పోయిన ఆడవాళ్ళకు, దిక్కులేని వాళ్ళకు ఈ పనుల్లో ముందు చోటు ఇచ్చారు. అది చాలా మంచి పని. ఒక విధవరాలికి ఊళ్ళోనే, తలెత్తుకుని చేసుకునే పని దొరికింది. అయితే ఇంకోపక్క చూడాలి. ఇంట్లో ఆడవాళ్ళు ఊరకే చేసే పనే కదా అన్నట్టు, దాన్ని పూర్తి ఉద్యోగంగా లెక్కించలేదు. కాలమాన జీతం కావాలని, సరైన పింఛను కావాలని సత్తుణవు ఉద్యోగులు ఎన్నోసార్లు సమ్మె చేశారు. పిల్లలందరికీ అన్నం పెట్టినవాళ్ళు తమ ముసలితనంలో ఏం తింటారు అనేదే ఆ సమ్మెల్లోని ప్రశ్న.

ఇట్లాంటి పనికి జీతం కట్టడం కొత్తదేమీ కాదు. కాంచీపురం జిల్లాలో పాలారు ఒడ్డున తిరుముక్కూడల్ అనే ఊరుంది. అక్కడి పెరుమాళ్ళ గుడిలో వీరరాజేంద్ర చోళుడి శాసనం ఉంది. సుమారు 1068 నాటిది. ఆ గుడితోపాటు నడిచిన ఆసుపత్రిలో 15 మంచాలు ఉండేవని, వైద్యుడు, శస్త్రచికిత్స చేసేవాడు, మూలికలు తెచ్చేవాళ్ళు, రోగులను చూసుకునే ఆడవాళ్ళు, మంగలి, నీళ్ళు పోసేవాడు ఉండేవారని, ఎవరికెంత వడ్లో కూడా రాతి మీద చెక్కారు. వైద్యుడికి ఎక్కువ, మందు తాగించే ఆడవాళ్ళకు చాలా తక్కువ. అది అప్పటినుంచీ ఉన్నదే అన్నమాట! మన తెలుగు దేశంలో కూడా గుంటూరు వైపు మల్కాపురం శాసనం ఉంది. రుద్రమదేవి కాలం, 1261. ఒక మఠానికి ఇచ్చిన గ్రామాల ఆదాయంలో ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు భాగాలు పంచారు. ఈ రెండు శాసనాలనూ మా చరిత్ర క్లాసులో పరీక్షకు ఒక్క మార్కు ప్రశ్నగా చదివాం. నాకైతే పది మార్కులకు తగినవి అనిపిస్తాయి.

శాసనాల్లో ఉన్నవి పెద్ద గుళ్ళు, మఠాలు. పల్లెల్లో కాన్పు చేసే మంత్రసాని పని చాలాచోట్ల ఒకే కులం ఆడవాళ్ళది. కోతల కాలంలో కళ్ళం దగ్గర గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. బిడ్డను చేతుల్లోకి తీసుకునేది ఆమే, కానీ గడప దాటి లోపలికి రానిచ్చేది ఆ రోజు ఒక్కటే. 1854లో మద్రాసులో మంత్రసానులకు శిక్షణ ఇచ్చే బడి మంజూరైంది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది, దేశంలో అట్లాంటి చట్టాల్లో అదే మొదటిది. స్వాతంత్ర్యం వచ్చాక శిక్షణ పొందిన నర్సమ్మలు పల్లెలకు వచ్చారు.

ఇక్కడ ఒక మార్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనిని తిరిగి రూపొందించడం అంటే ఏమిటో అది చూపిస్తుంది. 1970ల ముందు ఇంటికి మలేరియా మనిషి వేరే వచ్చేవాడు, మశూచి టీకాల మనిషి వేరే, కుటుంబ నియంత్రణ మనిషి వేరే. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుస్తకం, ఒక్కొక్క అధికారి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఈ పద్ధతి మార్చమంది. ఒకే ప్రాంతానికి ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, అన్ని పనులూ తెలిసినవాళ్ళు ఉండాలంది. ఇళ్ళు తక్కువ, పనులు ఎక్కువ. అట్లా రూపం మారిన పనే మన రాష్ట్రంలో గ్రామ సుకాదార సెవిలియర్, మనం నర్సమ్మ అని పిలిచే ఆమె. ఆమె చేతి సంచిలో టీకాలు, గర్భిణుల కార్డులు, బిడ్డల బరువు చూసే తూనిక.

ఆ సంచిలో ముసలివాళ్ళ కోసం ఏమీ లేదు. అప్పటికి అది తప్పు కాదు. అప్పుడు చచ్చిపోతున్నది పసిబిడ్డలు, బాలింతలు. నర్సమ్మలు ఆ పని ఎంత బాగా చేశారంటే, కాన్పు చావులు తగ్గాయి, పిల్లలు బతికారు, ఇంటికి ఇద్దరు చాలనుకున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో ఒక తల్లికి సగటున 1.8 బిడ్డలు. 2011 జనగణనలో రాష్ట్రంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళు నూటికి 10.4. 2021కి నూటికి 13.6 ఉంటారని అంచనా వేశారు. కేరళ ఒక్కటే మనకంటే ముందుంది. అంటే ఒక పని బాగా జరిగినందువల్లే ఇంకో పని పుట్టింది.

చెన్నైలో ఈ సంగతి ముందే కనిపెట్టినవారు ఒకరున్నారు. డాక్టర్ వి.ఎస్. నటరాజన్. 1978లోనే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ముసలివాళ్ళకు ప్రత్యేకంగా వైద్య విభాగం మొదలుపెట్టారు. మన దేశంలో వృద్ధుల వైద్యానికి మొదటి ప్రొఫెసర్ ఆయనే. కానీ అది చెన్నై. మన నల్లరేగడి పల్లెలకు చేరడానికి ఇంకా 40 ఏళ్ళు పైగా పట్టింది.

మన పల్లెల సంగతి అందరికీ తెలిసిందే. వాన పడితే పత్తి, మిరప, లేకపోతే సీమకరువేలం కొట్టి బొగ్గు కాల్చడం. ఈడొచ్చిన మగపిల్లలు తిరుప్పూరు, కోయంబత్తూరు, చెన్నై పోతారు. ఆడవాళ్ళు అగ్గిపెట్టెల పనికి పోతారు. పగటిపూట వీధిలో నడిచి చూడండి, అరుగుల మీద ముసలివాళ్ళు తప్ప ఎవరూ కనపడరు. ఇడైసెవల్ ఊరి కి. రాజనారాయణన్ గారు, మన తెలుగింటి బిడ్డే, 'గోపల్ల గ్రామం' నవలలో నూరేళ్ళు ఎప్పుడో దాటేసిన మంగత్తాయారు అవ్వను పెట్టారు. ఆమె చుట్టూ ఇంటినిండా మనుషులు. తెలుగువాళ్ళు ఈ దక్షిణానికి ఎట్లా వచ్చారో ఆమె చెప్తే అందరూ వింటారు. ఇప్పుడు అట్లాంటి అవ్వకు కథ ఉంది, వినేవాళ్ళు సెల్‌ఫోన్లో ఉన్నారు.

2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం' ప్రారంభించారు. ఊరి పేరు వింటేనే తెలుస్తుంది అది తెలుగు పల్లె అని. ప్రజలను వెతుక్కుంటూ వైద్యం రావడం అని దాని అర్థం. రక్తపోటు, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు మందులు ఇంటికే తెచ్చిస్తారు. మంచాన పడ్డవాళ్ళకు నొప్పి తగ్గించే నర్సు, కాళ్ళు చేతులు పట్టేసినవాళ్ళకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు వస్తారు. మహిళా సంఘాల ఆడవాళ్ళనే ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, మందులు ఇచ్చే పని అప్పగించారు. 2024లో ఈ పథకానికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది.

మా వీధిలో ఆ పని చేసే ఆమెను అందరం మందులక్క అంటాం. మా అవ్వకు చక్కెర, రక్తపోటు రెండూ ఉన్నాయి. అంతకు ముందు మాత్రల కోసం అమ్మ ఒకరోజు పని మానుకుని, అవ్వను బస్సెక్కించి తీసుకుపోయేది. ఆ రోజు కూలి పోయేది. అమ్మకు వీలుకాని నెల అవ్వ మాత్రలు వేసుకునేదే కాదు. మందులక్క వచ్చినాక ఆ బాధ తప్పింది. "ఏం పెద్దమ్మా, మాత్ర ఏసుకున్నారా, ఉప్పు తగ్గించారా?" అని అడుగుతుంది. అవ్వ అబద్ధం చెప్తుంది, ఆమెకు తెలుస్తుంది, ఇద్దరూ నవ్వుకుంటారు.

పోయిన ఏడు అవ్వ తొట్టి దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక మూడు నెలలు మంచం మీదే. అప్పుడు నాకు అర్థమైంది ముసలివాళ్ళను చూసుకోవడం అంటే మాత్రలు ఇవ్వడం కాదని. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. మలమూత్రాలు ఎత్తాలి. తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి. అన్నింటికంటే కష్టం, ఆమె సిగ్గుపడకుండా చూడాలి. మందులక్కే మాకు తిప్పడం నేర్పింది, దిండు ఎక్కడ పెట్టాలో చూపింది. అది ఆమె పనిలో లేదు. ఆమె చూడవలసిన ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు, నర్సు పంచాయతీ యూనియన్‌కు ఒక్కొక్కరే, ఊళ్ళేమో లెక్కకు మించి. వచ్చినప్పుడు చక్కగా చూస్తారు, కానీ మిగిలిన రోజుల్లో? మా అత్త కోవిల్‌పట్టిలో చేస్తున్న పని మానేసి వచ్చింది. నేను అరపూట బడి మానిన రోజులున్నాయి. మా అన్నను ఎవరూ మానమనలేదు. ఇది ఫిర్యాదు కాదు, చరిత్ర రాస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు సత్తుణవు దగ్గర చెప్పిన ముక్కకు వస్తాను. మన ప్రాంతంలో పుట్టిన ఈ ఉద్యోగాలన్నీ లెక్కపెట్టగలిగిన పని చుట్టూ కట్టినవి. ఎన్ని భోజనాలు, ఎన్ని టీకాలు, ఎన్ని మాత్రలు. ముసలివాళ్ళకు కావలసింది ఎక్కువగా లెక్కకు రానిది. ఒక గంట పక్కన కూర్చోవడం, స్నానం, బయటికి నాలుగడుగులు నడిపించడం. ఆ గంట ఇప్పటికీ ఇంట్లో ఎవరో ఒక ఆడమనిషి దగ్గరే ఉండిపోయింది.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. నెదర్లాండ్స్‌లో ఇంటికొచ్చి చూసే పనిని ముక్కలుగా కోసేశారు. సూది వేసేది ఒకరు, స్నానం చేయించేది ఒకరు, కట్టు మార్చేది ఇంకొకరు, ఒక్కో పనికి ఇన్ని నిమిషాలని. 2006లో యోస్ డి బ్లోక్ అనే నర్సు కొంతమందితో కలిసి 'బూర్ట్‌జోర్ఖ్' అనే సంస్థ పెట్టాడు. ఇరుగుపొరుగు సేవ అని దాని అర్థం. 12 మందికి మించని ఒక్కో జట్టు తన పేటలోని ముసలివాళ్ళ పనంతా తానే చూసుకుంటుంది. ఎవరింటికి ఎప్పుడు పోవాలో జట్టే తేల్చుకుంటుంది. కర్తార్ సింగ్ కమిటీ చెప్పిన మాటకు ఇది దూరపు చుట్టం లాగే లేదూ?

జపాన్ ఇంకో దారి పట్టింది. 2000 ఏప్రిల్ నుంచి 40 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ ముసలితనపు సేవ కోసం బీమా కడతారు. ఇంటికొచ్చి చూసే మనిషికి 130 గంటల శిక్షణ పెట్టారు. కోడలి పనిని దేశం పనిగా ఒప్పుకున్నారు అని నేను అర్థం చేసుకున్నాను. అయినా అక్కడ కూడా ఆ పనికి మనుషులు చాలక ఇతర దేశాలనుంచి పిలిపించుకుంటున్నారు. బీమా ఉన్నా జీతం తక్కువైతే ఎవరు వస్తారు?

మన పొరుగునే మలప్పురం ఉంది. 1993లో కోళిక్కోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన మిత్రులు నొప్పి తగ్గించే వైద్యం మొదలుపెట్టారు. 2001లో మలప్పురంలో ఇరుగుపొరుగువాళ్ళకే శిక్షణ ఇచ్చి మంచాన పడ్డవాళ్ళను చూసుకునే ఏర్పాటు చేశారు. కాలేజీ పిల్లలు, చిల్లర అంగడివాళ్ళు కూడా వారానికి కొన్ని గంటలు ఇస్తారు. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని తన విధానంలోకి తీసుకుంది. నాకు ఇది నచ్చింది, కానీ ఒక అనుమానం ఉంది. ఊరకే చేసే సేవ కొన్ని గంటలకు సరిపోతుంది. రోజూ చేసే పనికి జీతమే కావాలి. మందులక్కకు మొదట నెలకు 4,500 రూపాయలు ఇచ్చారు. దాని పేరు జీతం కాదు, ఊక్కత్తొగై, ప్రోత్సాహక మొత్తం. ఆమె పేరు ఉద్యోగి కాదు, తన్నార్వలర్, అంటే తనంతట తాను ముందుకొచ్చినది. చోళుల శాసనం కూడా వడ్లు తక్కువ రాసిందే కానీ ఆ ఆడవాళ్ళను తమంతట తాము వచ్చినవాళ్ళు అనలేదు.

నా ఆలోచన చెప్తాను, పెద్దలు తప్పుంటే దిద్దండి. ఒక ఊరికి మందులక్కలు, అంగన్‌వాడీ ఆయా, నర్సమ్మ విడివిడిగా కాకుండా ఒక జట్టుగా ఉండాలి. మంచాన పడ్డవాళ్ళను తిప్పడం, స్నానం చేయించడం, పుండు కట్టడం నేర్పి, ఆ పనికి గంటలు లెక్కగట్టి, నెల జీతం ఇవ్వాలి. సత్తుణవు పొయ్యి ఎట్లాగూ మండుతుంది కదా, బడికి రాలేని ముసలివాళ్ళకు గిన్నె ఇంటికి పోవాలి. వృద్ధాప్య పింఛను 2011లో 1,000 అయింది, 2023లో 1,200 అయింది. ఆ డబ్బు వస్తుంది, మంచిదే. కానీ పింఛను వచ్చి అవ్వను పక్కకు తిప్పదు. మగపిల్లలకు కూడా ఈ పని నేర్పాలి. మా క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీలో నవ్వారు. వాళ్ళ తాతలను ఎత్తి కూర్చోబెట్టేది రేపు ఎవరో చూద్దాం.

చెప్పడానికి మొహమాటంగా ఉండే అడ్డంకి ఒకటుంది. 2023లో, ఎట్టయపురం దగ్గరే ఉసిలంపట్టిలో, దళిత మహిళ వండిన ఉదయపు టిఫిన్ పిల్లలు తినడంలేదని వార్త వచ్చింది. ఎంపీ కనిమొళి గారు, మంత్రి గీతా జీవన్ గారు వెళ్ళి పిల్లల పక్కన కూర్చుని తిన్నారు. ఆ తర్వాత పిల్లలూ తిన్నారు. 1956లో అన్నం మొదలైన తాలూకాలోనే ఇది. వండిన అన్నానికే ఇట్లా అయితే, ఒళ్ళు తుడిచే పనికి ఎవరి చెయ్యి ఎవరింట్లోకి పోతుంది? మళ్ళీ మంత్రసాని పని లాగా ఒకే కులం ఆడవాళ్ళ మీద పడుతుందా? ఉద్యోగాన్ని ఎంత బాగా రూపొందించినా ఈ ప్రశ్న గడప దగ్గర నిలబడే ఉంటుంది. మా అవ్వ పాతకాలం మనిషి. మొదట్లో మందులక్క ఏ వీధి, ఏ ఇల్లు అని ఆరా తీసింది. తుంటి విరిగాక అడగడం మానేసింది. ఇప్పుడు ఆమె రావడం రెండు రోజులు ఆలస్యమైతే నన్ను పంపిస్తుంది చూసిరమ్మని.

మందులక్క కూతురు మా బడిలోనే ఎనిమిదో తరగతి చదువుతుంది. ఈ వ్యాసం కోసం మాట్లాడుతున్నప్పుడు, బడి ఫారంలో తల్లి వృత్తి అనే చోట ఏం రాశావని అడిగాను. ఇల్లాలు అని రాసిందట.